వీధి తలుపుకు నలభై ఒక్క నోటీసులు

జూలై ఒకటో తారీఖు ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు, తీరప్రాంత కలప సంరక్షణ మండలి వారి సొంత వీధి తలుపు మీద మూడు నల్లటి మచ్చలు బయటపడ్డాయి.

మొదట చూసినవాడు సూపరింటెండెంట్ అప్పలనరసయ్య. గొడుగు ముడుస్తూ మెట్లెక్కినవాడు అక్కడే ఆగిపోయాడు. గొడుగు చేతిలోంచి జారింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. మూడే. గడియకు జానెడు కింద, ఆకుపచ్చ రంగు మీద, మిరియపు గింజంత ఒకటి, ఆవగింజంతవి రెండు.

ఇంకో ఆఫీసులో అయితే ఎవరూ తల తిప్పి చూడరు. కానీ ఈ మండలి పుట్టిందే ఆ మచ్చల కోసం. పెదరేవుకు అటూ ఇటూ వంద మైళ్ల సముద్రతీరంలో సర్కారు తలుపులు, కిటికీలు, చూరు పలకలు, రంగు వేసిన ప్రతి చెక్కా బూజు పట్టకుండా కాపాడాలి. ముప్పై ఏళ్లుగా కాపాడుతోంది. ఊళ్లోని ఆసుపత్రి తలుపులు, బడి కిటికీలు నల్లబడిపోయిన మాట నిజమే. వాటికి సంబంధించిన ఉత్తరప్రత్యుత్తరాలు మాత్రం చక్కగా తెల్లగా ఉన్నాయి.

వరండా తుడుస్తున్న సన్యాసమ్మ గొడుగు తీసి ఆయన చేతికిచ్చి, తలుపు వైపు ఓసారి చూసింది.

"బూజండి బాబూ. నాలుగు రోజులై ముసురు కదా. బకెట్టు నీళ్లలో గుప్పెడు బ్లీచింగు పొడి, కూసింత సబ్బు. అరగంట పని. ఒగ్గేయండి, నాను తోమేస్తాను."

"ముట్టుకోకు!" అని అరిచాడు అప్పలనరసయ్య. "అది సాక్ష్యం!"

సన్యాసమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ మచ్చలంటే ఆమెకే ఎక్కువ భయం. భర్త ఈ ఆఫీసులోనే వాచ్‌మన్‌గా చేసి పోయాడు. అప్పటి నుంచి పద్దెనిమిదేళ్లుగా ఆమె ఇక్కడ టెంపరరీ. తాత్కాలికుల్ని పర్మినెంట్ చేయమని ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ఈ నెల ముప్పై ఒకటి సాయంత్రం ఐదింటితో మురిగిపోతుంది. ఆమె ఫైలు అన్ని బల్లలూ తిరిగి డైరెక్టర్ బల్ల మీదికి చేరింది. ఇంకొక్క వాక్యం, కింద ఒక్క సంతకం మిగిలాయి. ఆ వాక్యం ఇది: "ఈమె సంరక్షణలోనున్న కలపపై ఎట్టి మచ్చయు లేదని ధ్రువీకరించడమైనది."

డైరెక్టర్ చిదంబరేశ్వరరావు వచ్చి తలుపు ముందు నిలబడ్డాడు. ఆయన పోయిన నెలలోనే రాజధానిలో మూడు రోజుల శిక్షణ పొంది, 'నిర్మల ద్వార పథకం' అనే కొత్త ఉత్సాహంతో తిరిగొచ్చాడు. అందరి చొక్కాలకూ తలుపు బొమ్మ ఉన్న బిళ్లలు పెట్టించాడు. పది నిబంధనలతో ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. ఇప్పుడు జేబులోంచి ఆ పుస్తకమే తీశాడు.

"ఏడో నిబంధన చదవండి."

అప్పలనరసయ్య చదివాడు. "ప్రభుత్వ కలపపై అనుమతి లేక నివసించు ఏ జీవినైనను ఆక్రమణదారుగా ఎంచి, ఆక్రమణ జరిగిన చోటనే నోటీసు అతికించవలెను."

"బూజు జీవియా, కాదా?"

"జీవే సార్. పెరుగుతోంది కదా."

"అనుమతి తీసుకుందా?"

అప్పలనరసయ్య లోపలికెళ్లి ఇన్‌వార్డు రిజిస్టరు తిరగేసి వచ్చాడు. "అటువంటి దరఖాస్తు ఏదీ అందలేదు సార్."

"అయితే నోటీసు తయారు చేయండి. చట్టం ముందు అందరూ సమానమే."

*

నోటీసు పదకొండున్నరకల్లా తయారైంది. 'మీరు' అని గౌరవ వాచకం వాడాలా, 'నీవు' అనాలా అన్న చర్చ లేకపోతే పదకొండుకే అయ్యేది.

"పెదరేవు మండలి కార్యాలయపు వీధి తలుపుపై నివసించుచున్న బూజు గారికి తెలియజేయునది ఏమనగా, మీరు ఏడు దినములలోగా సదరు తలుపును ఖాళీ చేయవలెను. లేనిచో తమపై తగు చర్య గైకొనబడును."

అతికించే పని సన్యాసమ్మది. ఈ ఆఫీసులో నోటీసు అంటే మైదా జిగురే. మైదాపిండి నీళ్లలో కలిపి, స్టవ్ మీద చిక్కగా కాచి, అరచేత్తో తలుపు మీద కాగితం మేరకు పూసి, దాన్ని అద్దాలి. మేకులు కొడితే ప్రభుత్వ కలపకు గాయం. అది రెండో నిబంధన.

సన్యాసమ్మ గిన్నె పట్టుకుని డైరెక్టర్ గది గుమ్మంలో నిలబడింది.

"బాబూ, ఒక మాట. పిండి రాస్తే దానికి అన్నం ఎట్టినట్టే అవుతాది. అది తిని బలుస్తాది."

"ఏవమ్మా," అన్నాడు డైరెక్టర్ తల ఎత్తకుండానే, "నీకు కావలసింది పర్మినెంటు ఉద్యోగమా, నిపుణుల కమిటీలో సభ్యత్వమా?"

"ఉద్యోగమే బాబూ."

"అయితే అతికించు."

"సీటీ రాసి ఇయ్యండి మరి."

ఆ అలవాటు ఆమె భర్త నేర్పింది. సర్కారు కొలువులో చీటీ లేకుండా చీపురు కూడా ఎత్తకు అనేవాడు. పద్దెనిమిదేళ్లుగా ఆమె అలాగే చేస్తోంది. చదవడం రాదు. చీటీ కింద సంతకం వంకర్లు మాత్రం పోల్చుకోగలదు. డైరెక్టర్ విసుక్కుంటూ 'జిగురు పూసి అతికించవలెను' అని రాసి సంతకం పడేశాడు. ఆ చీటీ ఆమె పాత బిస్కెట్ల డబ్బాలోకి పోయింది.

నాలుగో తారీఖున మచ్చలు పదకొండు. వాటిలో ఎనిమిది నోటీసు అంచు చుట్టూనే, వరసగా, పంక్తిలో కూర్చున్నట్టు.

"బెదిరిపోయి ఒకచోట గుమిగూడుతున్నాయి," అని డైరెక్టర్ సంతృప్తి పడ్డాడు. "కొత్తగా వచ్చిన ఎనిమిదింటికీ విడివిడిగా నోటీసులివ్వండి. ఒకరికిచ్చిన నోటీసు ఇంకొకరికి చెల్లదు."

ఎనిమిది నోటీసులు. మరో గిన్నెడు జిగురు. ఎనిమిది చీటీలు.

*

ఏడు రోజుల గడువు తీరింది. ఆక్రమణదారు ఖాళీ చేయలేదు, సంజాయిషీ పంపలేదు. కాబట్టి విచారణ జరపాల్సి వచ్చింది.

వరండాలో బల్ల వేశారు. డైరెక్టర్ మధ్యన కూర్చున్నాడు. అప్పలనరసయ్య రాసుకోవడానికి పక్కన కూర్చున్నాడు. బయట చినుకులు పడుతున్నాయి. సన్యాసమ్మను మెట్ల మీద నిలబెట్టి మూడుసార్లు పిలవమన్నారు.

"ఎవుర్ని పిలవాలండి?"

"బూజును."

"అది ఇక్కడే ఉన్నాది కదండి, మీ ఎనకాతలే."

"పిలవమన్నది పిలువమ్మా."

సన్యాసమ్మ కొంగు నడుముకు చుట్టి, వీధి వైపు తిరిగి, గొంతెత్తింది. "బూజు హాజరా! బూజు హాజరా! బూజు హాజరా!"

చేపల బుట్టతో పోతున్న ఒకావిడ ఆగి, "ఏటే సన్యాసీ, మీ ఆఫీసులో కొత్తగా సేరినాడేటి?" అని అడిగింది.

"సేరి వారమైనాదే. ఇంకా సంతకం ఎట్టలేదు," అంది సన్యాసమ్మ.

ఆక్రమణదారు పిలుపునకు పలకనందున ఏకపక్షంగా విచారణ ముగించినట్టు రాశారు. తీర్పు ప్రతిని తలుపు మీద అతికించారు. అది నాలుగు పేజీల తీర్పు. నాలుగు పేజీలకూ జిగురు.

అక్కడితో ఆగితే అది మామూలు ఆఫీసు అయ్యేది. రెండు రోజులకు వాన జల్లు కొట్టి తీర్పులో రెండో పేజీ జారింది. డైరెక్టర్ మండిపడ్డాడు. ప్రభుత్వ పత్రం తడవడానికి వీల్లేదని తలుపుకు అడ్డంగా పై నుంచి కింద దాకా నల్లటి టార్పాలిన్ కట్టించాడు. ఎండ తగలదు, గాలి ఆడదు. కాగితాలు మాత్రం భద్రం.

"బాబూ, సీకట్లో అది ఇంకా..." అని సన్యాసమ్మ మొదలుపెట్టి, ఆయన మొహం చూసి ఆపేసింది. "సీటీ రాసి ఇయ్యండి," అంది.

తర్వాత తలుపు తెరిస్తే సాక్ష్యాలు చెదురుతాయన్న అనుమానం వచ్చింది. తలుపు మూసి, తాళం వేసి, తాళానికి లక్క సీలు కొట్టారు. సిబ్బంది పెరటి తలుపు గుండా రాసాగారు. డైరెక్టర్ హోదాకు పెరటి దారి తగదు, అది మరుగుదొడ్డి పక్కగా వస్తుంది. అందుకని ఆయన గది కిటికీకి బయట మూడు మెట్ల చెక్క నిచ్చెన వేశారు. రోజూ పదిన్నరకు ఆయన కారు దిగి, నిచ్చెన ఎక్కి, ముందు ఫైళ్ల పెట్టె లోపలికి పంపి, తర్వాత కుడికాలు పెట్టేవాడు. లోపల అప్పలనరసయ్య నిలబడి నమస్కారం చేసి చెయ్యి అందించేవాడు. మొదటి రోజు కాస్త ఇబ్బంది పడ్డారు గాని, మూడో రోజుకల్లా అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతిలాగే అనిపించింది.

పద్దెనిమిదో తారీఖున టార్పాలిన్ ఎత్తి చూశారు. అప్పటికి అతికించిన నోటీసులు నలభై ఒకటి; మచ్చలను మాత్రం లెక్కపెట్టడం మానేసి 'అసంఖ్యాకం' అని రాసుకున్నారు.

అప్పుడే ప్రధాన కార్యాలయం నుంచి తంతిలా పొట్టి ఉత్తరం ఒకటి వచ్చింది. ముప్పై ఒకటో తారీఖున తనిఖీ అధికారి వస్తున్నారు.

డైరెక్టర్ అరగంట ఆలోచించి, రంగు వేయించమన్నాడు. వాన వెలియకుండానే, తోమకుండానే, ఆరకుండానే, కాగితాలు లేని చోటల్లా నల్లటి మచ్చల మీద చిక్కటి ఆకుపచ్చ ఎనామిల్ పూశారు. తలుపు రెండు రోజులు కొత్త పెళ్లికొడుకులా మెరిసింది. మూడో రోజు రంగు అక్కడక్కడ బుడిపెలు కట్టింది. అయిదో రోజు ఆ బుడిపెలు పగిలి, వాటిలోంచి నల్లటి మచ్చలు బయటికి తొంగిచూశాయి.

"భూగర్భంలోకి వెళ్లి తిరిగి వచ్చింది," అన్నాడు డైరెక్టర్ గొంతు తగ్గించి. "దీనికి లోపలివాళ్ల సహాయం ఉంది."

*

లోపలివాళ్లెవరో కనిపెట్టడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. పెరటి తలుపు చూశాడు. అదే కలప, అదే రంగు, అదే సముద్రపు గాలి. ఒక్క మచ్చ లేదు.

సన్యాసమ్మను పిలిపించాడు.

"ఏవమ్మా, పెరటి తలుపు ఎందుకు శుభ్రంగా ఉంది?"

"వారానికోపాలి బ్లీచింగు నీళ్లతో తోమి, కడిగి, గుడ్డెట్టి తుడుస్తానండి. తలుపు తీసే ఉంచుతాను, ఎండ పడతాది. తోమమని మీ ముందు డైరెక్టరు గారు సీటీ రాసినారు. అది మీ పథకంలో లేదు కదండి, అందుకని దాన్ని ఎవులూ ఏటీ అనలేదు."

"అంటే వీధి తలుపు మీద కక్ష, పెరటి తలుపు మీద పక్షపాతం."

"అయ్యయ్యో! వీధి తలుపు ముట్టుకోవద్దన్నది మీరే కదా బాబూ!"

డైరెక్టర్ పుస్తకం తెరిచాడు. "తొమ్మిదో నిబంధన వినమ్మా. 'ఆక్రమణదారునకు తిండి, నీడ, ఆశ్రయము కల్పించినవారే అసలు దోషులుగా ఎంచబడుదురు.' పదో నిబంధన కూడా విను. 'దోషి తనంతట తాను ఒప్పుకొనినచో, శిక్షకు బదులుగా డైరెక్టరు వారి ప్రశంసాపత్రము పొందుటకు అర్హుడు.' ఒప్పేసుకో. మంచి కాగితం ఇస్తాను, ఫ్రేము కట్టించి."

"నాకు పెశంసలొద్దు బాబూ. నా ఫైలు మీద సంతకం ఎట్టండి, సాలు."

"మచ్చ ఉండగా మచ్చ లేదని ఎలా రాయనమ్మా? దోషి దొరకాలి, కేసు మూయాలి, అప్పుడు సంతకం. ఆ దోషివి నువ్వేనని ఒప్పుకుంటే మాత్రం నీ ఫైలు మీద ఇంక సంతకం ఉండదు."

సన్యాసమ్మ గది బయటికి వచ్చి గోడకు ఆనుకుంది. గోడ మీద క్యాలెండర్‌లో ఇంక మూడు గళ్లే మిగిలి ఉన్నాయి.

*

ముప్పై ఒకటో తారీఖు. మూడున్నర.

తనిఖీ అధికారి మేరీ సుగుణ జీపు దిగింది. యాభై ఏళ్ల మనిషి, పొట్టి జుట్టు, భుజానికి గుడ్డ సంచి. వీధి తలుపు దగ్గరికి వెళ్లబోతే అప్పలనరసయ్య పరుగున వచ్చి కిటికీ చూపించాడు.

"అటు ఎందుకండీ?"

"గౌరవనీయులు ఇటు నుంచే వస్తారండి."

ఆమె కిటికీని, నిచ్చెనను, అప్పలనరసయ్యను వరసగా చూసింది. తలుపు దగ్గరికే వెళ్లి టార్పాలిన్ లాగేసింది. లోపల నుంచి ముక్కిపోయిన వాసన గుప్పుమంది.

తలుపు కనబడలేదు. కాగితాలు కనబడ్డాయి. ఒకదాని మీద ఒకటి, ఉబ్బి, నల్లబడి.

మేరీ సుగుణ సంచిలోంచి చిన్న సీసా తీసింది. ఒక మచ్చ మీద ఒక్క చుక్క వేసి వాచీ చూసుకుంది. రెండు నిమిషాల్లో మచ్చ తెల్లబడింది.

"బ్లీచింగ్ నీళ్లు," అంది ఆమె. "దుమ్మయితే అలాగే ఉండేది. బూజే."

"మేము ముప్పై రోజుల విచారణలో అదే నిర్ధారించామండి," అన్నాడు డైరెక్టర్ గర్వంగా.

ఆమె ఒక నోటీసు అంచు పట్టుకుని తొక్కలా ఒలిచింది. దాని కింద నోటీసు అంత నలుచదరం, గీత గీసినట్టు, కటిక నలుపు. రెండోది ఒలిచింది. అదీ అంతే. ఏ కాగితం కింద చూసినా ఆ కాగితం కొలతకే బూజు.

"ఈ జిగురు ఎవరు కాచారు?"

అన్ని తలలూ సన్యాసమ్మ వైపు తిరిగాయి. నాలుగు గంటలు కొట్టింది.

"నానేనండి," అంది సన్యాసమ్మ.

"దొరికింది!" డైరెక్టర్ పుస్తకం పైకెత్తాడు. "తిండి పెట్టినది ఈమె! టార్పాలిన్ కట్టి నీడ ఇచ్చినది ఈమె! తలుపు మూసి ఆశ్రయం కల్పించినదీ ఈ చేతులే! తొమ్మిదో నిబంధన! కేసు ముగిసింది. ఫైలు తిరస్కరించడమైనది."

"ఒక్క నిమిసం బాబూ."

సన్యాసమ్మ లోపలికి వెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చి మెట్ల మీద బోర్లించింది. "నాకు సదువు రాదమ్మా. ఇయన్నీ ఏటో మీరే సదవండి. ఎవుళ్లు రాసినారో వంకర్లు బట్టి నాకు తెలుసు."

మేరీ సుగుణ ఈ నెల చీటీలు ఏరి ఒక్కొక్కటే చదివింది. జిగురు పూయవలెను. చిక్కగా పూయవలెను. ఊడిపోకుండా మరొక పూత పూయవలెను. టార్పాలిన్ కట్టవలెను. తలుపు మూసివేయవలెను. తోమరాదు. తాకరాదు. మొత్తం యాభై రెండు చీటీలు. వాటిలో నలభై ఒకటి నోటీసులవి. అన్నిటి కిందా ఒకే సంతకం.

"చేతులు ఈమెవి," అంది మేరీ సుగుణ. "ఆజ్ఞ ఎవరిది? మీ తొమ్మిదో నిబంధన మళ్లీ చదవండి సూపరింటెండెంట్ గారూ. 'కల్పించినవారే' అని ఉంది కదా?"

అప్పలనరసయ్య చదివాడు. చదువుతూ చదువుతూ గొంతు సన్నబడింది. చివరి మాట ఎవరికీ వినబడలేదు.

"దోషి పేరు ఇవాళ రాయకపోతే తలుపుతో సహా ఫైలంతా రాజధానికి తీసుకుపోతాను," అంది ఆమె. "అమ్మా, ఈలోగా నువ్వు నీ బకెట్టు తెచ్చుకో."

ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టింది. సన్యాసమ్మ సీలు తీసి తలుపు బార్లా తెరిచింది. నానిన కాగితాలు ఒలిచి పడేసింది. బ్లీచింగు నీళ్లు, సబ్బు, కొబ్బరి పీచు. పై నుంచి కిందికి తోమింది, మంచినీళ్లు కొట్టింది, పొడిగుడ్డతో ఒత్తింది. ముసురు విడిచి పడమటి నుంచి వాలు ఎండ పడింది. పొక్కిన రంగు ఊడిన చోట చెక్క కనబడుతోంది. కానీ నలుపన్నది ఎక్కడా లేదు.

"బాగా ఆరాక గీకి, బూజు పట్టని రంగు రెండు పూతలు వేయించండి. ఎండా గాలీ తగలనివ్వండి. అంతే," అంది మేరీ సుగుణ. "దీనికి పథకం అక్కర్లేదు."

లోపల డైరెక్టర్ కుర్చీలో కూలబడి ఉన్నాడు. నాలుగూ నలభై ఒకటి. అప్పలనరసయ్య వంగి చెవిలో గొణిగాడు.

"సార్, పదో నిబంధన ఉంది కదా."

"ఏం నిబంధన?"

"తనంతట తాను ఒప్పుకుంటే శిక్ష లేదు సార్. ప్రశంసాపత్రం."

డైరెక్టర్ మెల్లగా తల ఎత్తాడు. "అది ఇవ్వవలసినది ఎవరు?"

"నిబంధన ప్రకారం తమరే సార్."

ఆయన ముఖంలోకి నెల రోజులుగా లేని కళ వచ్చింది. "కాగితం తెండి," అన్నాడు. "ఆ సన్యాసమ్మ ఫైలు కూడా."

నాలుగూ యాభై రెండుకు ఫైలు మీద సంతకం పడింది. నాలుగూ యాభై ఎనిమిదికి ఈ కింది పత్రం పూర్తయింది.

"నిర్మల ద్వార పథక రూపకర్తను, ఈ మండలి డైరెక్టరును అయిన చిదంబరేశ్వరరావు అను నేను, ఎవరి ఒత్తిడియు లేక, ఫ్యాను కింద కూర్చుండి, స్వయముగా ఒప్పుకొనునది ఏమనగా: వీధి తలుపుపై బూజునకు నలభై ఒక్క మార్లు తిండి పెట్టించినది నేనే. టార్పాలిన్ కట్టించి దానికి నీడ ఇచ్చినది నేనే. తలుపు మూయించి, దానికి గాలి తగిలి జలుబు చేయకుండ కాపాడినది నేనే. తడి మీద రంగు వేయించి దానికి ఇల్లు కట్టి ఇచ్చినదియు నేనే. అరగంటలో పోవలసిన దానిని నెల దినములు పెంచి పెద్ద చేసితిని. ఇందులో శ్రీమతి సన్యాసమ్మ దోషమేమియు లేదు; ఆమె మొదటి దినముననే చెప్పినది, నేను వినలేదు. నేరము తనంతట తాను ఒప్పుకొన్న నా నిజాయితీని నేను మనసారా ప్రశంసించుచున్నాను. ఈ ఒప్పుకోలును, జత చేసిన ప్రశంసాపత్రమును ప్రజలందరు చూచునట్లు వీధి తలుపు నడుమ అతికించవలెను. ఇది పర్మినెంటు ఉద్యోగినిగా శ్రీమతి సన్యాసమ్మ మొదటి విధి. జిగురు చిక్కగా కాచవలెను."